నిమ్మతోటల గజ్జియు మన యుపేక్షయు

పెద్దల దర్శనమునకు పోవువాడు చేతిలో నిమ్మపండు పట్టుకొని పోవుట మన దేశాచారము. అంగడి గుమ్మమునకు, క్రొత్తగా కొన్న బండికి దిష్టి తగులకుండ నిమ్మకాయను కట్టుదుము. ఎండదెబ్బ తిన్నవానికి, జ్వరపడి లేచినవానికి, పెండ్లిపందిట విస్తరిముందు కూర్చున్నవానికి నిమ్మయే దిక్కు. ఇంతటి గౌరవము గల కాయ నేడు తెనాలి నిమ్మమండీలో రెండు రాశులుగా పోయబడుచున్నది.

ఒక రాశిలోని కాయలు నున్నగా, పసిమి తేలి యుండును. రెండవ రాశిలోని కాయల తొక్కమీద గోధుమవన్నె గరుకు మచ్చలుండును. రసము రెంటను నొకటియే, పులుపు నొకటియే. ధర మాత్రము వేరు. దూరదేశములకు సరుకు పంపు వర్తకుడు మచ్చకాయను ముట్టడు. మిగిలినవారు దయతలచి యిచ్చిన ధరకు రైతు దానిని వదలుకొనవలసినదే. మేము మండీకి పోయినపుడు ఒక వృద్ధ కర్షకుడు మచ్చకాయ నొకదానిని మా చేతిలో నుంచి, "ప్లీడరుగారూ! ఇందులో రసమున్నది, పులుపున్నది, నా కష్టమున్నది. ధర యొక్కటే లేదు. ఈ దావా ఏ కోర్టులో వేయమందురు?" అని యడిగెను. మేము నవ్వితిమి గాని యా నవ్వు ఎంతోసేపు నిలువలేదు. ఆ ప్రశ్నకు మా చేతనైన సమాధానము చెప్పుటకే నేడు ఈ విషయమును పాఠకుల ముందుంచుచున్నాము.

ఈ మచ్చకు కర్షకులు పెట్టిన పేరు గజ్జి తెగులు. పేరు కుదిరినది. లేత యాకుమీద మొదట సూదిమొనంత నీటిచుక్కవంటి మచ్చ పుట్టును. కొలది దినములలో అది యుబ్బి, పగిలి, బెరడువలె గరుకై గోధుమవన్నెకు తిరుగును. ఆకుమీద దాని చుట్టును పసుపుపచ్చని వలయ మేర్పడును. ఆకునుండి రెమ్మకు, రెమ్మనుండి ముల్లునకు, పిందెకు ప్రాకును. తెగులు ముదిరిన ఆకులు రాలును, రెమ్మలు ఎండును, పిందెలు రాలిపోవును. నిలిచిన కాయకు మచ్చ నిలుచును. చెట్టు ఒక్కసారిగా చావదు. అందుచేతనే మనకు దీనియెడ భయము లేదు. ప్రాణము తీయని జబ్బునకు వైద్యుని పిలుచుట మన యలవాటు కాదు గదా!

దీనికి కారణము క్సాంథోమోనాస్ అను తెగకు చెందిన యొక బాక్టీరియా. 1915లో అమెరికా దేశమున క్లారా హాసె అను శాస్త్రజ్ఞురాలు ఈ తెగులు బాక్టీరియావలన కలుగునని నిరూపించెను. ఐరోపాలో ఆపిల్ చెట్ల కొమ్మలకు పుట్టు పుండు తెగులునకును దీనికిని ఆంగ్లమున నొక్కటే పేరు వాడుదురు. కాని ఆపిల్ పుండునకు కారణము శిలీంధ్రము, మన నిమ్మగజ్జికి కారణము బాక్టీరియా. పేరు కలిసినంతమాత్రమున మందు కలియదు. ఈ తెగులు పుట్టినిల్లును గూర్చియు నొక సాక్ష్యము గలదు. లండనులోని క్యూ ఉద్యానమున భద్రపరచిన యెండుటాకులను పరీక్షింపగా, 1827–1831 సంవత్సరముల నడుమ డెహ్రాడూనులో సేకరించిన మాదీఫలపు టాకులపై ఈ మచ్చలు కానవచ్చినట్లు 1933లో ఫాసెట్, జెంకిన్సు అను పండితులు ప్రకటించిరి. కనుక ఇది పడవనెక్కి వచ్చిన పరశత్రువు కాదు. ఇంచుమించు రెండువందల యేండ్లుగా మన యింటనే కాపురమున్న దొంగ.

ఈ దొంగ నిమ్మజాతిలో అన్ని యిండ్లను నొక్కతీరున దోచడు. కుంక్వాట్ అను చిన్న నారింజ దాదాపు లొంగనే లొంగదు. కమలా చాలవరకు తట్టుకొనును. బత్తాయి నడుమ నుండును. మన పుల్లనిమ్మయు, పాశ్చాత్యులు ప్రాతఃకాలమున భుజించు గ్రేప్‌ఫ్రూటును మిక్కిలి సులభముగా లొంగును. ఒక్క కుటుంబములోనే ఒకరికి జబ్బు వచ్చుట, మరియొకరికి రాకుండుట ప్రకృతి చేసిన యేర్పాటు. ఈ తారతమ్యమును పాఠకులు జ్ఞాపకమున నుంచుకొనవలెను. మేము ముందు చెప్పబోవు వాదమంతయు దీనిమీదనే నిలిచియున్నది.

క్రిమికి రెక్కలు లేవు, కాళ్లు లేవు. దానిని మోయునవి మూడు: వాన, గాలి, మనము. తడిసిన పుండునుండి బాక్టీరియా నీటిలోనికి వచ్చును. వానచినుకు చిమ్మినపుడు ప్రక్క యాకును చేరును. గాలి గంటకు 30 కిలోమీటర్ల వేగమునకు మించి వీచినచో ఆ నీటిని లేతయాకుల సూక్ష్మరంధ్రములలోనికి నెట్టును. ముల్లు ఆకును గీరినచోట, కొమ్మ కొమ్మను రాచినచోట మరింత దారి దొరకును. లేతయాకులను తొలిచి పామువలె వంకరటింకర గీతలు గీయు పురుగు నొకదానిని రైతులు ఎరుగుదురు. ఆ పురుగు గజ్జిని పుట్టింపదు గాని ఆకునంతయు గాయపరచి, గజ్జికి వేయి వాకిండ్లు తెరచి పెట్టును. ఇక మన పాత్ర యేమనగా, మచ్చపడిన నారును కొని తెచ్చి క్రొత్త తోట వేయుట, తెగులుచెట్టును నరికిన కత్తితోనే మంచిచెట్టును నరుకుట, ఎండిన రెమ్మలను కాల్చక గట్టుమీద పారవేయుట. గాలివానలను మనము ఆపజాలము. ఈ మూడవ వాహకుని మాత్రము ఆపగలము.

మన తీరమునకు గాలివాన యొక యతిథి కాదు, బంధువు. 1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెనను దివిసీమతోపాటు రేపల్లె, బాపట్ల ప్రాంతములవారు నేటికిని మరువలేదు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. తుపాను వచ్చినపుడు వరిచేను పడిపోవుటను, ఇల్లు కూలుటను అధికారులు లెక్కింతురు. నిమ్మతోటలో ఆ వానగాలి తెగులును చెట్టునుండి చెట్టునకు మోసిపోవుటను లెక్కించువారు లేరు. ఆ నష్టము నాడు కానరాదు. లేతచివుళ్లు మచ్చలు వేసిన పిదప, ఆ కాయ బస్తాలకెక్కి మండీకి వచ్చిన పిదప కానవచ్చును. అప్పటికి నష్టపరిహారపు పట్టికలు మూసివేయబడి యుండును. 2022 ఏప్రిలులో జిల్లాలు విభజింపబడి, రేపల్లె బాపట్ల జిల్లాలోనికి పోయినది. తెనాలి గుంటూరు జిల్లాలో నిలిచినది. కాగితముమీద గీచిన యా పొలిమేర గజ్జికి తెలియదు. కావున ఈ మూడు పట్టణముల చుట్టునున్న రైతులు దీనిని ఒక్క యుమ్మడి వ్యాజ్యముగా భావింపవలెను.

ఈ తెగులునకు లోకము ఇంతవరకు ప్రయోగించిన యాయుధములు రెండు: గొడ్డలియు, పిచికారియు.

గొడ్డలి కథ ఫ్లోరిడాది. 1910 ప్రాంతమున జపానునుండి తెప్పించిన నారుతో గజ్జి అమెరికా దక్షిణ రాష్ట్రములలో ప్రవేశించెను. చెట్లను నరికి, కాల్చి, 1933 నాటికి నిర్మూలించితిమని వారు సంతోషించిరి. 1986లో అది మరల కనబడెను; మరల నరికిరి. 1995లో మరల కనబడెను. మొదట తెగులుచెట్టు చుట్టు 125 అడుగులలోని చెట్లను నరకవలెనని నియమము చేసిరి. అది చాలదని 2000 సంవత్సరమున ఆ వలయమును 1900 అడుగులకు పెంచిరి. మచ్చయే లేని పెరటిచెట్టును సర్కారు గొడ్డలి పాలుచేయుట న్యాయమా యని గృహస్థులు కోర్టుల కెక్కిరి. 2004లో ఆ రాష్ట్రపు సర్వోన్నత న్యాయస్థానము చట్టమును సమర్థించెను. పరిహారపు వ్యాజ్యములు అటుపిమ్మట ఏండ్ల తరబడి నడిచినవి. కోటికి మించిన చెట్లు కూలినవి. తుదకు 2004, 2005 సంవత్సరముల తుపానులు వచ్చి, నరికినవారి శ్రమను ఒక్క యూపున చెదరగొట్టి, తెగులును రాష్ట్రమంతట చల్లినవి. 2006 జనవరిలో నిర్మూలన కార్యక్రమము మూసివేయబడెను. చట్టము గెలిచినది, తుపాను దానిని ఓడించినది. న్యాయవాదులమైన మాకు ఈ కథ వినయమును నేర్పినది. అంతటి ధనము, అంతటి యంత్రాంగము గలవారు తమ దేశమున క్రొత్తగా వచ్చిన తెగులును గొడ్డలితో తరుమలేకపోయిన పిదప, తరతరములుగా మనయొద్ద పాతుకొన్న తెగులును మనము గొడ్డలితో తరుమగలమా?

పిచికారి కథ మనది. వానలకు ముందు తెగులురెమ్మలను కత్తిరించి కాల్చి, కోసినచోట బోర్డో ముద్ద పూసి, చివురు వచ్చినప్పుడెల్ల రాగిమందు చల్లుచు, ఆకు తొలుచు పురుగును అదుపులో నుంచుకొనిన రైతునకు మేలు కలుగుట నిజము. దీనిని మేము తక్కువచేసి మాటలాడుట లేదు. కాని రాగిమందు ఆకుమీద కప్పినది కంబళి వంటిది. జోరున వాన కురిసిన అది కొట్టుకొనిపోవును. కావలసిన దినమున చల్లుటకు వాన యెడమియ్యదు. వాన వెలిసిన దినమున కూలి దొరకడు. చిరకాలము చల్లిన రాగి నేలలో నిలిచిపోవును.

దానితోపాటు మరియొక ప్రమాదము గలదు. గజ్జికి స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ అను జీవనాశక ఔషధములు కలిపిన పొడిని చల్లుట మన తోటలలో అలవాటైనది. స్ట్రెప్టోమైసిన్ క్షయరోగికి ప్రాణమిచ్చిన మందు. తోటలో చవుకగా, కొలతలేకుండ చల్లిన మందునకు క్రిములు అలవాటుపడుట శాస్త్రసమ్మతమైన భయము. ఆ యలవాటు తోటతో ఆగక ఆసుపత్రి మంచము వరకు పోవచ్చునని తలచియే 2021 డిసెంబరులో కేంద్రప్రభుత్వము ఈ మందులను పైరులపై వాడుటకు స్వస్తి చెప్పుచు ముసాయిదా ఉత్తర్వు వెలువరించెను. ఉత్తర్వు మంచిది. కాని రైతు చేతిలోని మందును లాగుకొనునపుడు, ఆ చేతిలో మరియేమి పెట్టుదుమో చెప్పవలసిన బాధ్యత మనకు లేదా?

ఆ చేతిలో పెట్టవలసినది మంచి మొక్క యని మా దృఢాభిప్రాయము. తెగులును చెట్టుమీదినుండి కడుగుటకన్న, తెగులునకు లొంగని చెట్టును పెంచుట మేలు. ఇది కలగన్న మాట కాదు. దీనికి నిదర్శనము వెదకుటకు మనము సముద్రములు దాటనక్కరలేదు. తెనాలిలో రైలెక్కి బాపట్లలో దిగిన చాలును.

బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో వెలసినది. ఆ బాపట్లలోనే సాంబ మసూరి యని లోకమెరిగిన బీపీటీ 5204 వరిరకము పుట్టి 1986లో విడుదలయ్యెను. దాని సన్నన్నము రుచి మరగని తెలుగువాడు లేడు. కాని ఆ వరికి నొక దౌర్బల్యము: బాక్టీరియావలన వచ్చు ఆకు ఎండు తెగులునకు అది యిట్టే లొంగును. ఆ బాక్టీరియా యెవరనుకొన్నారు? అదియు క్సాంథోమోనాస్ తెగలోనిదే. నిమ్మగజ్జికి సాక్షాత్తు దాయాది. వరి విషయమున మన శాస్త్రజ్ఞులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. హైదరాబాదులోని వరి పరిశోధనా సంస్థవారును సీసీఎంబీవారును గలిసి, తెగులు నెదుర్కొను మూడు జన్యువులను సంకరణముద్వారా సాంబ మసూరిలోనికి తెచ్చిరి. ఆ మూటిలో నొకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవివరినుండి వచ్చినది. ప్రతి తరమునను ఏ మొక్కలో కావలసిన జన్యువు చేరినదో ప్రయోగశాలలో గుర్తుపట్టి, మిగిలిన గుణములన్నియు సాంబ మసూరివే యగునంతవరకు మరలమరల వెనుకకు సంకరపరచిరి. 2008లో ఆ మెరుగుపరచిన సాంబ మసూరి విడుదలయ్యెను. అన్నపు రుచి మారలేదు. తెగులును తట్టుకొను శక్తి మాత్రము వచ్చినది. ఒక్క జన్యువునే నమ్ముకొనక మూటిని జతపరచుటలోని వివేకమును గమనింపుడు. ఒక్క తాళమును దొంగ యెన్నడైనను తెరువగలడు. మూడు తాళములు వేసిన యిల్లు కొంతకాలము నిశ్చింతగా నుండును.

వరికి జరిగిన న్యాయము నిమ్మకేల జరుగలేదని పాఠకులు అడుగుదురు. అడుగవలసినదే. కాని శాస్త్రజ్ఞుల పక్షమున చెప్పవలసిన సమాధానమును మేము దాచము. వరి యొక యేడాదిలో రెండు తరములు చూపును. నిమ్మ విత్తనమునుండి మొలచి కాపునకు వచ్చుటకు నాలుగైదేండ్లు పట్టును. అంతకన్న పెద్ద చిక్కు నిమ్మవిత్తులోనే యున్నది. ఒక్క నిమ్మవిత్తును నాటిన ఒక్కొక్కప్పుడు రెండు మూడు మొలకలు వచ్చుట తోటమాలులు ఎరుగుదురు. ఆ మొలకలలో తల్లిదండ్రుల కలయికవలన పుట్టినది సాధారణముగా ఒక్కటి. తక్కినవి తల్లి శరీరమునుండియే పుట్టిన ప్రతిబింబములు. వీనికే బలమెక్కువ, నిజమైన సంకరశిశువు వీనినడుమ నలిగి చచ్చుటయు గలదు. శాస్త్రజ్ఞుడు ఎంతో శ్రమపడి కుంక్వాటు పుప్పొడిని నిమ్మపూవునకు అంటించి, విత్తు నాటి, యేండ్లు కాచుకొనిన, మొలచినది మరల ఆ తల్లినిమ్మయే కావచ్చును. ఒకవేళ సంకరమే దక్కినను, గజ్జి తట్టుకొనునది రసము తక్కువది కావచ్చును, కాయ రూపు మారవచ్చును. మండీవాడు దానిని నిమ్మ యనడు.

అయినను ఈ శాపమునందే యొక వరము గలదు. ఒక్క మంచిచెట్టు దొరకినచో, దాని విత్తుల మొలకలలో అధికభాగము తల్లిని పోలియే యుండును గనుక, అంటు కట్టనక్కర లేకుండ విత్తులతోనే దానిని వేలకొలది పెంచవచ్చును. మన రైతులు తరతరములుగా విత్తనపు మొక్కలతోనే తోటలు వేయుచు నిమ్మగుణము చెడకుండ నిలుపుకొనుటకు ఇదియే కారణము. ఏరుకొనుట అను మార్గమున మన పరిశోధనా స్థానములు చేసిన కృషియు తక్కువది కాదు. తిరుపతి, పెట్లూరు నిమ్మజాతి పరిశోధనా స్థానముల కృషివలన పెట్లూరు సెలెక్షన్-1, బాలాజీ అను నిమ్మలు మనకు లభించినవి. ఇవి గజ్జిని కొంతమేరకు ఓర్చుకొనును. మహారాష్ట్రమున పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయము ప్రమాలిని యను గుత్తికాపు రకమును వెలువరించినది. బెంగుళూరు ఉద్యాన పరిశోధనా సంస్థ పుల్లనిమ్మను నేపాలీ గజనిమ్మతో సంకరపరచి రసరాజ్ అను రకమును సాధించినది.

ఇచ్చట న్యాయస్థానమునందువలె రెండు పదములను విడదీసి చూడవలసి యున్నది. ఓర్చుకొనుట వేరు, లొంగకుండుట వేరు. ఓర్చుకొను చెట్టునకు తెగులు తక్కువగా వచ్చును, లేక వచ్చినను కాపు తగ్గదు. తుపాను వచ్చిన యేట దానికిని మచ్చలు తప్పవు. లొంగని చెట్టు వేరు. రైతునకు ఓర్పుగల రకమును ఇచ్చి, ఇది గజ్జి సోకని రకమని చెప్పి అమ్మువాడు అబద్ధసాక్ష్యము చెప్పినవాడగును. తెగులు తట్టుకొను మొక్కకు సైతము కత్తిరింపు, రాగిమందు, గాలిని ఆపు సరుగుడు వరుస కావలసియేయున్నవి. బాపట్ల తీరమున సరుగుడు తోటలు కొరవ కాదు. ఆ చెట్లే నిమ్మతోట గట్లమీద నాలుగు వరుసలు నిలిచిన, గాలి వేగము తగ్గి తెగులు దారి కొంత మూసికొనును.

శాస్త్రము ఇటీవల మరియొక తలుపును తెరచినది. గజ్జి బాక్టీరియా చెట్టు కణములోనికి ఒక మాంసకృత్తును పంపి, ఆ చెట్టులోనే నిద్రించుచున్న ఒక జన్యువును మేల్కొలుపునని, ఆ జన్యువు మేల్కొని కణములను ఉబ్బించి పుండును లేపునని 2014లో ప్రకటింపబడెను. అనగా దొంగ తన బలముతో తలుపు పగులగొట్టుట లేదు. ఇంటి సేవకునిచేతనే గడియ తీయించుచున్నాడు. ఆ సేవకుడు దొంగ పిలుపు విననట్లు జన్యువులో చిన్న సవరణ చేసినచో తలుపు తెరువబడదు. ఫ్లోరిడాలో గ్రేప్‌ఫ్రూటు మొక్కలయందును, చీనాలో బత్తాయి మొక్కలయందును ఈ సవరణ చేసి గజ్జి తగ్గుటను 2017 నాటికి చూపిరి. మన దేశమున 2022 మార్చిలో, పరజాతి జన్యువు మిగులని ఇట్టి సవరణమొక్కలకు కఠిననియమములనుండి కొంత వెసులుబాటు కల్పింపబడెను. 2025 మేనెలలో, మన సాంబ మసూరినే సవరించి హైదరాబాదు వరి సంస్థ రూపొందించిన డీఆర్ఆర్ ధాన్ 100, అనగా కమల యను వరి ప్రకటింపబడెను. బాపట్ల వరికి రెండుమార్లు శాస్త్రము సేవచేసినది. తెనాలి నిమ్మ యింకను తన వంతునకై నిలిచియున్నది.

ఇట్టి మొక్కలను గూర్చి భయపడువారు గలరు. వారి భయమును మేము పరిహసింపము. క్రొత్తదానిని పరీక్షింపకుండ విడుదలచేయరాదు. పరీక్షల ఫలితములు రైతునకు తెలుగున తెలుపవలెను. మొక్క యొక్క వర్తకుని గుత్త కారాదు. ఈ చివరి భయమునకు చట్టము కొంత మందు వేసినది. 2001 నాటి వృక్షరకముల పరిరక్షణ, కర్షకుల హక్కుల చట్టము, రైతు తన పంట విత్తనమును దాచుకొనుటకు, విత్తుకొనుటకు, మార్చుకొనుటకు, పంచుకొనుటకు, వ్యాపారముద్ర వేయకుండ అమ్ముకొనుటకును హక్కు నొసగినది. అంతేకాదు, రైతు తాను కనుగొని పెంచిన రకమును తన పేర నమోదు చేయించుకొనవచ్చును. ఈ హక్కు కాగితముమీద నిద్రించుచున్నది. దానిని మేల్కొలుపవలసినవారము మనమే.

"ఈ చిన్న మచ్చకు ఇంత గొడవ యేల?" అని కొందరు పెద్దలు అందురు. వారికి న్యూజీలండు రైతుల కథను మనవి చేయుచున్నాము. 2010 నవంబరులో ఆ దేశమున తే పూకే యను చోట కివీపండ్ల తోటలలో ఒక బాక్టీరియా పుండు తెగులు కనబడెను. వారికి సిరులు గురిపించు బంగారువన్నె రకము దానికి పూర్తిగా లొంగిపోయి, తోటలకు తోటలు మోడులాయెను. అయినను ఆ రైతులు మునిగిపోలేదు. ఏలయన, తెగులు రాకముందే యేండ్ల తరబడి ప్రజననము సాగించి సిద్ధపరచిన గోల్డ్-3 అను మరియొక రకము వారి చేతిలో నుండెను. అది తెగులును మెరుగుగా తట్టుకొనుటచే దానినే యంటుకట్టి మరల నిలద్రొక్కుకొనిరి. వారిని కాపాడినది ఆపదలో పెట్టిన పరుగు కాదు, ఆపదకు ముందు వేసిన విత్తు. ఇల్లంటుకొన్న పిదప బావి త్రవ్వబోయిన ప్రయోజనమేమి?

కావున మా కోరికలను వ్యాజ్యమందువలె క్రమముగ విన్నవించుచున్నాము.

మొదటిది, నారుమళ్ల సంగతి. ఉద్యాన నర్సరీల నమోదునకు 2010లో మన రాష్ట్రమున చట్టమైనది. చట్టమున్నంత మాత్రమున మచ్చలేని నారు రాదు. ఏ తల్లిచెట్టు విత్తునుండి మొక్క పుట్టినదో, ఎవరు ఎప్పుడు పరీక్షించిరో తెలుపు చీటీ ప్రతి మొక్కతోను రైతు చేతికి రావలెను. చీటీ లేని మొక్కను రైతు కొనరాదు. తోటవేయు దినమున రూపాయి మిగుల్చుకొని, ఆ తోట బ్రదికినంతకాలము ఏటేట బస్తాలు పోగొట్టుకొనుట మితవ్యయము కాదు.

రెండవది, పరీక్షాక్షేత్రములు. 2007లో స్థాపింపబడిన వెంకటరామన్నగూడెము ఉద్యాన విశ్వవిద్యాలయమును మేము ప్రార్థించునదేమనగా, పెట్లూరు నేలలో పరీక్షించిన రకములను కృష్ణా డెల్టా నల్లరేగడిలో, రేపల్లె ఉప్పుగాలిలో, బాపట్ల ఇసుకభూములలోను పరీక్షింపవలెను. చిత్తడినేలలో, తుపాను వానలో నిలిచిన రకమే మనకు రకము. గజ్జితోపాటు ట్రిస్టెజా యను వైరసు తెగులునకును నిమ్మ సులభముగా లొంగును గనుక, ఒక జబ్బును తప్పించి వేరొకదానికి అప్పగించు మొక్కను మనము కోరము.

మూడవది, కాలము. చెట్టును ప్రజననము చేయుపని మూడేండ్ల గ్రాంటుతో తెమలునది కాదు. పదునైదిరువదియేండ్లు ఒక్కతీరున సాగవలెను. మంత్రులు మారినను, అధికారులు బదిలీయైనను ఆ తోటకు నీరు ఆగరాదు. మేఘాలయములోని నోక్రెక్ కొండలలో 1981నుండి నిమ్మజాతి అడవిచెట్లకు ఒక రక్షితవనము గలదు. మాలి దేశపు అడవిగడ్డి మన వరిని రక్షించినట్లు, రేపు మన నిమ్మకు కావలసిన గుణము ఏ యడవిచెట్టులో దాగియున్నదో యెవరెరుగుదురు? ఆ వనములను కాపాడుటయు తెనాలి రైతు పనియే.

నాలుగవది, రైతు తానై చేయగలపని. తోటయంతయు గజ్జిపట్టి యుండగా నడుమ నొక్కచెట్టు మాత్రము నున్నని కాయలు కాయుట ఎచ్చటనైన కనబడవచ్చును. అది గాలిచాటున నుండుటచే బ్రదికినదో, నిజముగ లొంగని గుణము గలదో శాస్త్రజ్ఞుడు పరీక్షించి తేల్చగలడు. అట్టి చెట్టు కనబడిన రైతు దానికి గుడ్డపేలిక కట్టి గుర్తుంచి, రెండు మూడు వానకాలములు చూచి, పరిశోధనా స్థానమునకు తెలుపవలెను. వేలాది తోటలలో వేలాది కన్నులు వెదకినచో, ప్రయోగశాలలో ఇరువదియేండ్లకు దొరకునది ఒక గట్టుప్రక్కన దొరకవచ్చును. మన పఠనమందిరములలో పత్రిక చదువు సోదరులు ఈ వార్తను చదువురాని రైతునకు చదివి వినిపింతురుగాక. గ్రామమునకు నలుగురు యువకులు పూనుకొనిన, ఊరి తోటల పట్టిక యొక్క వానకాలములో సిద్ధమగును. ఆ పనికి మా వంతు మేమును వచ్చెదము.

ఇక ఆ వృద్ధ కర్షకుని ప్రశ్నకు వత్తుము. ఆయన దావాను ఏ కోర్టును తీసికొనదు. గాలిమీద, వానమీద, కంటికి కనరాని బాక్టీరియామీద సమన్లు జారీచేయు మునసబు లేడు. కాని ఈ దావాలో ప్రతివాదులు వేరే యున్నారు. మొక్కను పరీక్షింపక అమ్మినవాడు, అడుగక కొన్నవాడు, ఉన్న రకమును ఊరికి చేర్చని యుద్యోగి, పరిశోధనకు పైసలు కొలిచి యిచ్చు సర్కారు, కాయను కొని రసము త్రాగి మచ్చ సంగతి మరచిన మేము, మీరు. ఈ దావా విచారింపవలసినది ప్రజాభిప్రాయమను న్యాయస్థానమున. వాద మిప్పుడే మొదలైనది. తీర్పు మనచేతిలో నున్నది.

దిష్టి తగులకుండ మనయింటి గుమ్మమునకు నిమ్మకాయను కట్టుచున్నాము. ఆ నిమ్మకే దిష్టి తగిలినపుడు దానికి మనము కట్టవలసినది విద్య. ఆ వృద్ధుడు మా చేతిలో నుంచిన మచ్చకాయ నేటికిని మా బల్లమీద నున్నది. అది యెండిపోకముందే మన పని మొదలగుగాక!